ప్రోస్టేట్‌కు లేజర్ ఆపరేషన్ చేస్తే మళ్లీ పెరుగుతుందా?

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు. ప్రోస్టేట్ 90 గ్రాములుందని స్కానింగ్‌లో వచ్చింది. రెండేళ్లుగా మాత్రలు వాడుతున్నారు. పోయిన నెల మూత్రం పూర్తిగా ఆగిపోతే పైపు వేశారు. తీసేస్తే మళ్లీ ఆగిపోయింది. లేజర్ ఆపరేషన్ చేయాలంటున్నారు. గుండెకు స్టెంట్ ఉంది, రక్తం పల్చబడే మాత్రలు వేసుకుంటారు. ఈ వయసులో ఆపరేషన్ అవసరమా? మళ్లీ పెరుగుతుందా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: అవసరమేనండీ. 90 గ్రాములున్న ప్రతి ఒక్కరికీ ఆపరేషన్ చేయం. కానీ మాత్రలు వాడుతున్నా మూత్రం ఆగిపోయి, పైపు తీశాక కూడా రాలేదంటే ఇక మాత్రల మీద ఆశ పెట్టుకోవద్దు. నెలల తరబడి పైపుతో ఉంటే ఇన్ఫెక్షన్లు వదలవు.

ఇంత పెద్ద ప్రోస్టేట్‌కు ఎక్కువగా చేసేది హోల్మియం లేజర్ ఆపరేషన్, హోలెప్ అంటారు. పొట్ట మీద కోత ఉండదు. మూత్రమార్గం గుండానే సన్నని టెలిస్కోప్ పంపి, బత్తాయి తొక్క అలాగే ఉంచి లోపలి తొనలు తీసినట్టు, పెరిగిన భాగాన్ని వేరు చేస్తారు. దాన్ని మూత్రాశయంలోకి నెట్టి, చిన్న ముక్కలు చేసి బయటికి లాగుతారు. ఆ ముక్కలను బయాప్సీకి పంపుతారు. పెరిగిన భాగం దాదాపు మొత్తం వచ్చేస్తుంది కాబట్టి మళ్లీ ఆపరేషన్ దాకా రావడం అరుదు.

లేజర్ రక్తనాళాలను అక్కడికక్కడే మూసేస్తుంది. రక్తం పల్చబడే మాత్రలు వాడేవారికి ఇది పెద్ద ఊరట. అలాగని ఆ మాత్రలు మీరే ఆపేయకండి. స్టెంట్ మూసుకుపోతే ప్రాణానికే ముప్పు. స్టెంట్ వేసి ఎన్నాళ్లయిందో చూసి ఏ మాత్ర ఆపాలో, ఏది కొనసాగించాలో గుండె డాక్టరే చెప్పాలి.

సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో పైపు తీసేస్తారు. కొన్ని వారాలు మంట, అప్పుడప్పుడు మూత్రంలో ఎర్రదనం ఉంటాయి. దగ్గినా, లేచి నిలబడినా చుక్కలు పడొచ్చు. చాలామంది దీనికే హడలిపోతారు. కటి కండరాల (మూత్రం ఆపుకోవడానికి బిగించే కండరాల) వ్యాయామాలు చేస్తే ఎక్కువమందికి కొద్ది నెలల్లో తగ్గిపోతుంది. ఆపరేషన్ తర్వాత చాలామందికి వీర్యం బయటికి రాకుండా మూత్రాశయంలోకి వెళ్తుంది. దానివల్ల హాని లేదు, అంగస్తంభన మామూలుగా దెబ్బతినదు. ఈ సంగతి నాన్నగారికి ముందే చెప్పండి.

మూత్రం ఆగిన కొత్తలో పీఎస్ఏ (ప్రోస్టేట్‌కు చేసే రక్తపరీక్ష) చేయిస్తే ఎక్కువ చూపిస్తుంది. ఆ రిపోర్టు చూసి క్యాన్సరేమోనని టెన్షన్ పడొద్దు. కొన్ని వారాలాగి మళ్లీ చేయిస్తారు. ఈలోగా జలుబు మాత్రలు సొంతంగా వేయొద్దు, వాటిలో కొన్ని మూత్రాన్ని ఆపేస్తాయి. చలిజ్వరం వచ్చినా, పైపులో మూత్రం రాకున్నా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.