టెంటు సామాను కారు పైకప్పు మీద ఎంతవరకు కట్టొచ్చు?

నలుగురు ఎక్కాక ఎస్‌యూవీ నిండిపోతే టెంటు, పరుపులు, స్టవ్వు, ఐస్ పెట్టె ఎక్కడ పెట్టాలని అడిగారు. పైన కట్టొచ్చు, కానీ తేలికవి మాత్రమే.

పైకప్పు ఎంత బరువు మోస్తుందో కారు మాన్యువల్‌లో ఉంటుంది. సామాను కట్టడానికి పైన బిగించే చట్రం, అంటే క్యారియర్ బరువు కూడా అందులోనే లెక్క, చాలామంది మరిచిపోయేది ఇదే. 75 కిలోల హద్దున్న బండికి 20 కిలోల క్యారియర్ బిగిస్తే సామానుకు మిగిలేది 55 కిలోలే. పైన బరువు పెరిగేకొద్దీ గురుత్వ కేంద్రం పైకి జరుగుతుంది, మలుపుల్లో బండి ఎక్కువ ఒరుగుతుంది. అరకు ఘాట్ రోడ్డు లాంటి చోట ఇది నిజంగా ప్రమాదం.

అందుకే నీళ్ల క్యాన్లు, ఐస్ పెట్టె, స్టవ్వు డిక్కీలో అడుగున, వెనక సీటుకు ఆనించి పెట్టండి. స్లీపింగ్ బ్యాగులు, ఫోమ్ పరుపులు, టెంటు గుడ్డ పైకి ఎక్కించండి. టార్పాలిన్ కప్పి, సాగే తాళ్లతో కాకుండా రాచెట్ బెల్టులతో (పిడి ఆడిస్తూ బిగించే పట్టీలతో) బిగించండి. పది ఇరవై కిలోమీటర్లు వెళ్లాక తప్పకుండా ఆగి చూడండి. కుదుపులకు సామాను సర్దుకుని బెల్టులు వదులవుతాయి. టైర్లలో గాలి కూడా నిండు లోడుకు చెప్పినంత కొట్టించండి, ఆ లెక్క సాధారణంగా డ్రైవర్ డోరు దగ్గరి స్టిక్కర్ మీద ఉంటుంది.