రెండో ప్రాసెసర్ పెట్టినా ఒకటే కనిపిస్తోంది

ప్రశ్న: మా రెండు సాకెట్ల వర్క్‌స్టేషన్‌లో ఇన్నాళ్లూ ఒక్క జియాన్ ప్రాసెసరే ఉండేది. ఇటీవల అదే మోడల్ ప్రాసెసర్‌ను రెండో సాకెట్‌లో బిగించాం. బయోస్‌లో రెండూ కనిపిస్తున్నాయి కాని, విండోస్ 11 హోమ్‌లో టాస్క్ మేనేజర్ తెరిస్తే సాకెట్లు ఒకటనే చూపుతోంది. విండోస్ బూట్ సెట్టింగులు మార్చే ఎంఎస్‌కాన్ఫిగ్‌లో ప్రాసెసర్ల సంఖ్య పెంచమని ఒకరు, విండోస్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయమని మరొకరు అంటున్నారు. ఏది చేయాలి?

జవాబు: రెండూ చేయనక్కర్లేదు. బయోస్ రెండు ప్రాసెసర్లనూ గుర్తించిందంటే బిగింపులో గాని, రెండో సాకెట్‌కు కరెంటు ఇచ్చే కనెక్టర్‌లో గాని లోపం లేనట్టే. అడ్డంకి మీ విండోస్ ఎడిషన్‌లో ఉంది. కోర్లు ఎన్ని ఉన్నా హోమ్ ఎడిషన్ ఒక్క సాకెట్‌నే వాడుకుంటుంది. ప్రో ఎడిషన్ రెండింటిని, ప్రో ఫర్ వర్క్‌స్టేషన్స్ నాలుగింటిని వాడుకుంటాయి. సెట్టింగ్స్‌లో సిస్టమ్ కింద ఉన్న యాక్టివేషన్ పేజీలో ప్రో ఎడిషన్ కీ ఇచ్చి రీస్టార్ట్ చేస్తే చాలు. మీ ఫైళ్లు, ప్రోగ్రాములు ఎక్కడివక్కడే ఉంటాయి. అయినా ముందుగా బ్యాకప్ తీసుకోండి.

ఎంఎస్‌కాన్ఫిగ్‌లో బూట్ ట్యాబ్ కింద కనిపించే ప్రాసెసర్ల సంఖ్య పెంచడానికి ఉద్దేశించినది కాదు. పరీక్షల కోసం కొన్ని ప్రాసెసర్లతోనే విండోస్‌ను నడపాలనుకున్నవారికి అది పనికొస్తుంది. అక్కడ టిక్ లేకపోతే విండోస్ తాను వాడుకోగలిగినవన్నీ వాడుకుంటుంది కాబట్టి, ఇంతకు ముందు ఎవరైనా టిక్ పెట్టి ఉంటే తీసేయండి. ఇక మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలన్న సలహా విండోస్ ఎక్స్‌పీ కాలం నాటిది. ఆ రోజుల్లో ఒక ప్రాసెసర్‌కు, అనేక ప్రాసెసర్లకు వేర్వేరు హాల్ (విండోస్‌ను హార్డ్‌వేర్‌తో కలిపే పొర) ఫైళ్లు ఉండేవి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఎక్కినదాన్ని తరువాత డివైస్ మేనేజర్‌లో మార్చుకోవలసి వచ్చేది, లేదా మొత్తం కొత్తగా వేసుకోవలసి వచ్చేది. విండోస్ 11లో ప్రాసెసర్లు ఎన్ని ఉన్నా కెర్నల్ (సిస్టమ్‌ను నడిపే మూల భాగం) ఒక్కటే.

ఎడిషన్ మార్చాక కూడా చాలామంది పట్టించుకోని పని ఒకటి ఉంది. ఈ తరహా యంత్రాల్లో మెమరీ కంట్రోలర్ ప్రాసెసర్ లోపలే ఉంటుంది కనుక ఒక్కో సాకెట్‌కు తన సొంత ర్యామ్ స్లాట్లు ఉంటాయి. ఉన్న ర్యామ్ అంతా మొదటి ప్రాసెసర్ పక్కనే ఉండిపోతే, రెండో ప్రాసెసర్ ప్రతి డేటా కోసమూ రెండింటినీ కలిపే లింకు మీదుగా అవతలి వైపుకు వెళ్లాలి. అది సొంత ర్యామ్‌ను అందుకోవడం కంటే నెమ్మది. నాలుగు మాడ్యూళ్లు ఉంటే, బోర్డు మాన్యువల్‌లో చెప్పిన క్రమం ప్రకారం చెరో వైపు రెండు పెట్టండి. బయోస్‌లో నోడ్ ఇంటర్‌లీవింగ్ అనే ఎంపిక ఉంటే ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే ర్యామ్ అంతా ఒకే ముద్దగా కనిపించి, ఏ ర్యామ్ ఏ ప్రాసెసర్‌కు దగ్గరో విండోస్‌కు తెలియదు. తరువాత టాస్క్ మేనేజర్‌లో సీపీయూ గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి న్యూమా నోడ్‌ల (ప్రాసెసర్, దాని సొంత ర్యామ్ కలిసిన జట్ల) గ్రాఫ్‌కు మార్చండి. సాధారణంగా సాకెట్‌కు ఒకటి చొప్పున రెండు గ్రాఫ్‌లు కనబడతాయి.

ఇంత చేసినా పని వేగం రెట్టింపవుతుందని మాత్రం ఆశించకండి. వీడియో రెండరింగ్, వర్చువల్ మెషిన్ల వంటి, ముక్కలుగా పంచుకోగల పనుల్లో తేడా బాగా తెలుస్తుంది. ఒకే థ్రెడ్ (ఒకదాని తరువాత ఒకటిగా సాగే పనుల వరుస) మీద నడిచే ప్రోగ్రాముకు రెండో ప్రాసెసర్ ఉన్నా లేనట్టే.

ప్రశ్న: లైనక్స్ సర్వర్‌కు రెండో ప్రాసెసర్ చేరిస్తే కెర్నల్‌ను మళ్లీ కంపైల్ చేయాలా?

జవాబు: అక్కర్లేదు. లైనక్స్ కెర్నల్‌కు ఒకటి కంటే ఎక్కువ ప్రాసెసర్లను నడిపే శక్తి 1996లో వచ్చిన 2.0 వెర్షన్ నుంచే ఉంది. కాకపోతే చాలా ఏళ్లపాటు డిస్ట్రిబ్యూషన్లు అందుకోసం ఎస్‌ఎంపీ (బహుళ ప్రాసెసర్ల) కెర్నల్‌ను విడిగా ఇచ్చేవి; ఇప్పుడు సర్వర్లకు ఇచ్చే మామూలు కెర్నల్‌లోనే అది ఉంటుంది. ఎల్‌ఎస్‌సీపీయూ కమాండ్ ఇచ్చి సాకెట్ల సంఖ్య చూడండి. బయోస్‌లో రెండున్నా ఇక్కడ ఒకటే కనిపిస్తే, బూట్ లైన్‌లో మాక్స్‌సీపీయూస్, ఎన్‌ఆర్‌సీపీయూస్, నోఎస్‌ఎంపీ వంటి పరిమితి ఏదైనా మిగిలిపోయిందేమో గ్రబ్ (లైనక్స్‌ను బూట్ చేసే ప్రోగ్రాము) సెట్టింగుల్లో వెతికి తీసేయండి. న్యూమాసీటీఎల్ కమాండ్ చూపే హార్డ్‌వేర్ వివరాల్లో ఒక నోడ్‌కు మెమరీ సున్నా అని వస్తే పై జవాబులో చెప్పినట్టు ర్యామ్ సర్దాలి.