గోల్డ్‌ఫిష్‌కు వచ్చింది రోగం కాదు, మేత ఎక్కువైంది

ప్రశ్న: మేడ మీద 300 లీటర్ల సిమెంటు తొట్టిలో 20 గోల్డ్‌ఫిష్ పెంచుతున్నాను. షాపులో కొన్న తేలే గుళికలు, మా చెరువులో మిగిలిన వెనామీ రొయ్యల మేత కలిపి రోజుకు నాలుగుసార్లు వేస్తున్నాను. వారం నుంచి కొన్నిటికి పొట్ట ఉబ్బి పక్కకు ఒరిగి తేలుతున్నాయి. తెల్లవారుజామున పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. షాపతను డ్రాప్సీ (ఒంట్లో నీరు చేరే జబ్బు) అని యాంటీబయాటిక్ పొడి ఇచ్చాడు. ఇంకా ఎక్కువ ప్రోటీన్ ఉన్న మేత వేస్తే కోలుకుంటాయా? గప్పీలకూ (చిన్న రంగు చేపలు) ఇదే వేయొచ్చా?
– ఒక రైతు, పాలకొల్లు

జవాబు: ముందు ఆ పొడి వేయడం ఆపండి. డ్రాప్సీ అయితే పొలుసులు లేచి నిలబడతాయి. తొట్టి మీదికి వంగి చేపను పైనుంచి చూడండి. పొలుసులు ఒంటికి అంటుకునే ఉండి, వెనక తెల్లటి దారంలా మలం వేలాడుతుంటే అది అజీర్ణం. మీరు రాసినదాన్ని బట్టి ఇదే అనిపిస్తోంది.

గోల్డ్‌ఫిష్‌కు జీర్ణాశయం ఉండదు. తిన్నది నేరుగా పేగులోకి పోతుంది. వేసినంతా తింటుంది కాబట్టి ఆకలిగా ఉందనుకోవద్దు. తేలే గుళికల కోసం పైకొచ్చి గాలి కూడా మింగుతుంది. నిండిన పేగు, చేప నీళ్లలో నిలకడగా తేలడానికి సాయపడే గాలితిత్తిని నొక్కితే ఒరిగిపోతుంది. ఇక తెల్లవారుజామున నోళ్లు తెరవడం నీళ్లు పాడైన గుర్తు. మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా పెరిగింది, ఆక్సిజన్ తగ్గింది. యాంటీబయాటిక్ వేస్తే ఫిల్టర్‌లో అమ్మోనియాను విరగ్గొట్టే మంచి బ్యాక్టీరియా కూడా చస్తుంది. నీటి పరీక్ష చేయించకుండా, చేపను చూడకుండా పొడి చేతిలో పెట్టే షాపు సలహా నమ్మి ఎన్ని తొట్లు ఖాళీ అవుతున్నాయో! మీరు రొయ్యల రైతు. చెక్ ట్రే (రొయ్యలు ఎంత మేత తిన్నాయో చూసే పళ్లెం) చూడకుండా చెరువులో మేత పెంచుతారా? తొట్టి విషయంలో ఆ జాగ్రత్త ఏమైంది?

ఇవాళే 100 లీటర్లు తీసి, ఒక రాత్రి ఎయిర్ స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి) పెట్టి నిల్వ ఉంచిన నీళ్లు పోయండి. రెండు రోజుల తర్వాత మళ్లీ 100 లీటర్లు మార్చండి. మొదటిసారి నీళ్లు మార్చాక అయోడిన్ లేని కళ్లుప్పు 300 గ్రాములు బకెట్‌లో కరిగించి, ఒకేసారి కాకుండా సగం రోజులో కొద్దికొద్దిగా పోయండి. ఎయిర్ పంపు రాత్రంతా నడవాలి. స్పాంజి ఫిల్టర్‌ను కుళాయి కింద కడగొద్దు, తొట్టి నుంచి తీసిన నీళ్లలోనే పిండండి. చెరువు నీళ్లు ఇచ్చే ల్యాబ్‌కే ఈ నీళ్లు కూడా ఇచ్చి అమ్మోనియా, పీహెచ్ చూపించండి. పీహెచ్ 8 దాటితే అదే అమ్మోనియా ఇంకా విషమవుతుంది.

రెండు రోజులు మేత పూర్తిగా బంద్. టెన్షన్ పడొద్దు, చేపలు చావవు. మూడో రోజు ఉడికించిన పచ్చి బఠాణీ తొక్క తీసి నలిపి, రెండు చేపలకు ఒక గింజ లెక్కన వేయండి. నాలుగో రోజు నుంచి మునిగే గుళికలు, ప్రోటీన్ 30–35 శాతం ఉన్నవి, వేసే ముందు అయిదు నిమిషాలు నానబెట్టి వేయండి. చేప సుమారు 15 గ్రాములుంటే ఇరవైకీ కలిపి 300 గ్రాములు, అందులో 2 శాతం అంటే రోజుకు 6 గ్రాములు, ఉదయం 3, సాయంత్రం 3. రెండు మూడు నిమిషాల్లో తినకపోతే మిగిలింది సైఫన్ పైపుతో లాగేయండి. వెనామీ మేత రొయ్య కోసం నీళ్లలో చాలాసేపు కరగకుండా చేసినది, తొట్టిలో అడుగున ఉండిపోయి కుళ్లుతుంది. దాన్ని వాడొద్దు. రంగు కావాలంటే స్పిరులినా అనే నాచు ఉన్న మేత చాలు, ప్రోటీన్‌తో రంగు రాదు. మురుగు కాలువల్లో పట్టిన ట్యూబిఫెక్స్ పురుగులు (చేపలకు మేతగా వేసే సన్నటి ఎర్ర పురుగులు) ఎవరు ఇచ్చినా తీసుకోవద్దు.

గప్పీలకు ఈ గుళికలు పెద్దవి. నోటికి పట్టేలా నలిపిన ఫ్లేక్స్ రోజుకు రెండుసార్లు, చిటికెడు మాత్రమే వేయండి. గప్పీ పిల్లలకు ఆర్టీమియా (ఉప్పునీళ్లలో పెరిగే, రొయ్యలాంటి అతి చిన్న జీవి) మంచిది, దాని గుడ్డు 28 డిగ్రీల ఉప్పునీళ్లలో దాదాపు ఒక రోజులో పొదుగుతుంది.

నాలుగైదు రోజులకు కూడా ఒరగడం తగ్గకపోయినా, పొలుసులు లేచినా ఆ చేపను వేరే తొట్టిలోకి మార్చి, బతికి ఉండగానే దగ్గర్లోని మత్స్యశాఖ ల్యాబ్‌కు తీసుకెళ్లండి.