ఊపిరి సందేహాలు: సిగరెట్ మానేసినా ఆయాసం ఎందుకు?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నగారికి 64 ఏళ్ళు. ముప్ఫై ఏళ్ళు సిగరెట్లు కాల్చి, మూడేళ్ళ క్రితం పూర్తిగా మానేశారు. అయినా రెండో అంతస్తు ఎక్కేసరికి ఆయాసపడుతున్నారు. సీటీ స్కాన్‌లో ఎంఫిసీమా (ఊపిరితిత్తుల్లోని గాలి గదుల గోడలు పాడయ్యే జబ్బు) అని వచ్చింది. చూసిన డాక్టర్ గారు ‘మీ ఒంట్లోని ఎంజైమ్‌లే ఊపిరితిత్తిని తినేశాయి’ అన్నారట. అప్పటినుంచి ఆయనకు ఒకటే టెన్షన్. వాపు తగ్గడానికి పళ్ళ డాక్టర్ రాసిన ఎంజైమ్ మాత్రలు కూడా ముట్టుకోవడం లేదు. సిగరెట్ మానేశాక కూడా ఆ ఎంజైమ్‌లు తింటూనే ఉంటాయా? వాటిని ఆపే మందు లేదా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు మాత్రల సంగతి తేల్చేద్దాం, నాన్నగారి భయం అక్కడే ఉంది కదా. ఊపిరితిత్తిని దెబ్బతీసే ఎంజైమ్‌లు అక్కడికక్కడ, మన తెల్ల రక్తకణాల్లోంచి వచ్చేవి. మింగే మాత్రకూ వాటికీ సంబంధం లేదు. ఆ మాత్ర వల్ల వాపు నిజంగా తగ్గుతుందా అని అడిగితే మాత్రం నాకూ అంత నమ్మకం లేదు. అలాంటి మాత్రల్లో బాగా వాడే సెర్రాషియోపెప్టిడేజ్‌ను, పుట్టిన జపాన్‌లోనే 2011లో మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూస్తే తేడా కనబడలేదు మరి. వేసుకోవాలా వద్దా అన్నది పళ్ళ డాక్టర్‌తో మాట్లాడుకోండి. ఊపిరితిత్తుల కోసం భయపడి మానక్కర్లేదు.

ఇక అసలు విషయం. మీ డాక్టర్ గారు చెప్పింది నిజమే, కానీ సగమే చెప్పారు. మన ఊపిరితిత్తుల్లో 30 కోట్లకు పైగా చిన్న చిన్న గాలి గదులు ఉంటాయి. వాటి గోడల్లో ఎలాస్టిన్ అనే సాగే పీచు ఉంటుంది. గాలి పీల్చినప్పుడు సాగి, వదిలేటప్పుడు తనంతట తానే వెనక్కి లాగేది ఇదే. చాలావరకు కడుపులో ఉన్నప్పుడూ, పసితనంలోనూ తయారై, ఆ సరుకుతోనే జీవితమంతా నెట్టుకొస్తాం. తెగితే మళ్ళీ సరిగ్గా అల్లుకోదు. లాస్టిక్ వదులైపోయిన పైజామాలాగా సాగడం సాగుతుంది గానీ వెనక్కి రాదు. నా దగ్గరికి వచ్చే ఎంఫిసీమా రోగులు చాలామంది ‘గాలి అందడం లేదు’ అంటారు. పరీక్ష చేస్తే బయటపడేది, లోపలికి వెళ్ళిన గాలిని పూర్తిగా వదలలేకపోతున్నారని. పాత గాలి లోపలే ఉండిపోతే కొత్త గాలికి చోటెక్కడిది?

ఆ పీచును తెంచేది ఎవరంటే న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణం మోసుకొచ్చే ఎలాస్టేజ్. పాపం, అది ఉన్నది సూక్ష్మజీవుల్ని చంపి అరిగించడానికి. మన కణజాలం మీద పడకుండా కాలేయం ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ అనే ప్రోటీన్‌ను తయారుచేసి రక్తంలోకి పంపుతుంది. ఎలాస్టేజ్ కనబడగానే అది అతుక్కుని పనిచేయకుండా చేస్తుంది. ఎంజైమ్ ఉండటంలో తప్పేమీ లేదు, దాన్ని పట్టుకునేది తగ్గినప్పుడే చిక్కు. సిగరెట్ పొగ ఇక్కడ రెండు పనులు చేస్తుంది. న్యూట్రోఫిల్స్‌నూ, మ్యాక్రోఫేజ్‌లు అనే మరో రకం రక్షణ కణాలనూ ఊపిరితిత్తిలోకి గుంపులుగా రప్పిస్తుంది. అదే సమయంలో, కాపలా ప్రోటీన్‌లో సరిగ్గా ఎలాస్టేజ్‌ను పట్టుకునే చోటును ఆక్సీకరణతో పాడుచేస్తుంది. దానికితోడు మ్యాక్రోఫేజ్‌లు ఎంఎంపీ-12 అనే మరో ఎంజైమ్‌ను వదులుతాయి. అది కాపలా ప్రోటీన్‌ను ముక్కలు చేస్తుంది. ఎలాస్టేజేమో ఎంఎంపీలను (ఎంఎంపీ-12 కుటుంబంలోని ఎంజైమ్‌లను) అదుపు చేసే ప్రోటీన్లను నరుకుతుంది. అంటే ఒకదానికున్న కాపలాను ఇంకోటి తీసేస్తుందన్నమాట.

ఇదంతా ఎలా తెలిసిందంటే, 1963లో స్వీడన్‌లోని మాల్మోలో లారెల్, ఎరిక్సన్ అనే ఇద్దరు సుమారు 1500 రక్త నమూనాల పరీక్షా పట్టీలు చూస్తుంటే ఐదింటిలో ఆల్ఫా-1 గీత కనబడలేదు. ఆ ఐదుగురిలో ముగ్గురికి ఊపిరితిత్తుల జబ్బు ఉంది. ఇంకో రెండేళ్ళలోపే మరికొందరు బొప్పాయి పాల నుంచి తీసే పపైన్‌ను ఎలుకల ఊపిరితిత్తుల్లో పోస్తే వాటికి ఎంఫిసీమా వచ్చింది. (బొప్పాయి పండు తినడానికి భయపడకండి. వాళ్ళు నేరుగా ఊపిరితిత్తిలో పోశారు.) 1997లో ఎంఎంపీ-12 లేని ఎలుకలకు నెలల తరబడి పొగ పట్టించినా ఎంఫిసీమా రాలేదు.

మానేశాక కూడా తింటాయా అన్నారు. కొంతవరకు అవును. తెగిన ఎలాస్టిన్ ముక్కలే మళ్ళీ కొత్త కణాలను అక్కడికి పిలుస్తాయి, కాబట్టి పొగ ఆగిన రోజే వాపు ఆగదు. అయితే వేగం బాగా తగ్గుతుంది. అమెరికా, కెనడాల్లో దాదాపు ఆరువేల మందిని పదకొండేళ్ళపాటు గమనించిన లంగ్ హెల్త్ స్టడీలో, మానేసిన వాళ్ళలో ఊపిరితిత్తుల సామర్థ్యం ఏటా తగ్గే మోతాదు, కాల్చేవాళ్ళతో పోలిస్తే సగం కూడా లేదు. నాన్నగారు చేసిన పనికి మించిన మందు నా దగ్గర లేదు. ఈ మాట ఆయనకు చదివి వినిపించండి. పోయిన గోడలు తిరిగిరావు కాబట్టి ఆయాసం పూర్తిగా పోదు. ఇన్‌హేలర్, ఊపిరితిత్తుల వ్యాయామ శిక్షణ, టీకాలు వీటితో మెట్లెక్కడం మాత్రం సులువవుతుంది.

ఎంజైమ్‌ను ఆపే మందు గురించి: ఎంఎంపీలను మూకుమ్మడిగా ఆపే మందులను క్యాన్సర్ రోగుల్లో ప్రయత్నిస్తే కీళ్ళు బిగుసుకుపోయి నొప్పులొచ్చాయి. ఈ ఎంజైమ్‌లకు ఒంట్లో వేరే పనులు కూడా ఉంటాయి మరి. 2025 ఆగస్టులో అమెరికాలో బ్రెన్సోకాటిబ్ అనే మాత్రకు అనుమతి వచ్చింది. ఎముక మజ్జలో న్యూట్రోఫిల్ తయారయ్యేటప్పుడే ఎలాస్టేజ్‌లాంటివి పదునెక్కకుండా చూస్తుంది. అది బ్రాంకియెక్టాసిస్‌కు (శ్వాసనాళాలు వెడల్పైపోయి కఫం పేరుకునే జబ్బుకు) మాత్రమే, నాన్నగారి జబ్బుకు కాదు. ఎవరైనా ‘ఊపిరితిత్తుల ఎంజైమ్‌లు తగ్గించే’ పొడులు అమ్మజూపితే డబ్బు దండగ చేసుకోకండి.

ప్రశ్న: నేను సిగరెట్ ముట్టలేదు. మా అన్నయ్యకు 41 ఏళ్ళకే ఎంఫిసీమా వచ్చింది. నాకూ వస్తుందా?
– ఒక పాఠకుడు

జవాబు: అన్నయ్యకు ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ రక్తపరీక్ష చేశారా? చేయకపోతే ముందు అది చేయించండి. సీఓపీడీ (గాలి వదలడం కష్టమయ్యే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు, ఎంఫిసీమా కూడా ఇందులోదే) ఉన్న ప్రతివారికీ జీవితంలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఆచరణలో చాలాసార్లు ఎవరికీ గుర్తురాదు, అదే నా బాధ. ఆయనలో తక్కువగా ఉంటే మీరూ చేయించుకోవాలి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ లోపమున్న జన్యువులే వస్తే అసలు చిక్కు. అలాంటివారిలో తయారైన ప్రోటీన్ చాలావరకు కాలేయంలోనే ఇరుక్కుపోతుంది, అందుకే కాలేయ పరీక్షలు కూడా అవసరం. దానం చేసిన ప్లాస్మా నుంచి తీసిన ఈ ప్రోటీన్‌ను వారానికోసారి నరంలోకి ఎక్కించే చికిత్స అమెరికాలో 1987 నుంచి ఉంది. ఇది జబ్బు సాగే వేగాన్ని తగ్గిస్తుంది గానీ వెనక్కి తిప్పదు. లోపం లేనివారికి దీనితో పనిలేదు. ఫలితం ఏదైనా మీరు పొగకూ దుమ్ముకూ దూరంగా ఉండండి, పక్కవాళ్ళు కాల్చే సిగరెట్ కూడా అందులోకే వస్తుంది.

ప్రశ్న: నాకు బ్రాంకియెక్టాసిస్ ఉంది. కఫం ఒక్కోసారి తెల్లగా, ఒక్కోసారి పచ్చగా పడుతుంది. రంగు చెబితే డాక్టర్‌కు ఉపయోగమా?
– ఒక పాఠకురాలు

జవాబు: చాలా ఉపయోగం. ఆ ఆకుపచ్చ రంగు కూడా న్యూట్రోఫిల్‌లో ఉండే మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైమ్‌దే. రంగు ముదిరిందంటే ఆ కణాలు ఎక్కువగా చేరాయని, వాటితోపాటు ఎలాస్టేజ్ కూడా పెరిగి ఉంటుందని అర్థం. శ్వాసనాళాల్లో కఫాన్ని పైకి తోసే సన్నటి నూగును ఎలాస్టేజ్ నెమ్మదింపజేస్తుంది, పైగా కఫం ఇంకా ఎక్కువ ఊరేలా చేస్తుంది. అందుకే ఫిజియోథెరపిస్ట్ నేర్పిన శ్వాస వ్యాయామంతో రోజూ కఫం తీసేయడం మానకండి. రంగు మారినంత మాత్రాన యాంటీబయాటిక్ కొనేసుకోవద్దు. మామూలుకన్నా ఎక్కువగా, చిక్కగా పడుతూ, ఆయాసమో జ్వరమో తోడైతే ఆలస్యం చేయకుండా వెళ్ళండి. రక్తపు చారలు కనబడినా అంతే. మామూలు రోజున ఒకటి, రంగు మారిన రోజున ఒకటి ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుని డాక్టర్‌కు చూపించండి. మొహమాటపడకండి, మేం రోజూ చూసేవే.