26 వేల బ్రేకులు, 21 వేల పొదుపు

ప్రశ్న: నాకు 32 ఏళ్లు. పాలకొల్లులో ఉంటూ భీమవరం దగ్గర రొయ్యల మేత తయారుచేసే కర్మాగారంలో పనిచేస్తున్నాను. చేతికి నెలకు రూ.38,000 వస్తుంది, ఇంటి ఖర్చు రూ.27,000. నిరుడు లోన్ యాప్‌లో అప్పు చేసి మౌంటెన్ బైక్ కొన్నాను. నెలకు రూ.3,200 చొప్పున ఇంకా ఏడు వాయిదాలున్నాయి. బ్యాంకులో రూ.21,000 ఉంది. సైకిల్‌కున్న కేబుల్ డిస్క్ బ్రేకులతో మారేడుమిల్లి ఘాట్ దిగుతుంటే వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. షిమానో ఎక్స్‌టీ ఫోర్ పిస్టన్ హైడ్రాలిక్ బ్రేకుల జత రోటర్లతో (చక్రంతోపాటు తిరిగే డిస్కులతో) సహా రూ.26,400 అన్నారు. కార్డు మీద 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ ఉంది, నెలకు రూ.2,200 పెద్ద భారమేమీ కాదు. లేదా నా భార్య గొలుసు తాకట్టు పెట్టవచ్చు. అదే కొట్టులో షిమానో ఎంటీ200 హైడ్రాలిక్ జత బిగింపుతో రూ.6,500 చెప్పారు. ఏది మేలు?

జవాబు: ‘నెలకు రూ.2,200 పెద్ద భారమేమీ కాదు’ అన్న మీ వాక్యం కోసమే ఈ ఉత్తరాన్ని ఎంచుకున్నాను. ఫోను కొన్నవారూ, ఫ్రిజ్ కొన్నవారూ, బుల్లెట్ బండి కొన్నవారూ నాకు ఇదే వాక్యం రాస్తారు. వస్తువు ధరను తమ పొదుపుతో పోల్చి చూడవలసిన చోట వాయిదాను జీతంతో పోల్చి చూసుకుంటారు, దాంతో ఎంత పెద్ద ధరైనా చిన్నదిగానే కనిపిస్తుంది. మీ విషయంలో ధర రూ.26,400, పొదుపు రూ.21,000. ఉన్నదంతా ఊడ్చినా కొనలేని వస్తువును, పాత సైకిల్ అప్పు తీరకముందే, ఆ సైకిల్ కోసమే మళ్లీ అప్పుచేసి కొనాలనుకుంటున్నారు.

మీ అవసరం మాత్రం నిజమైనదేనని ముందే ఒప్పుకుంటాను. డెల్టాలో సైకిల్ తొక్కేవారికి వంతెన అప్రోచ్‌ను మించిన దిగుడు తగలదు కాబట్టి కాలువ గట్ల మీద మీ కేబుల్ బ్రేకులకు ఏ లోటూ ఉండదు. మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు ఘాట్ దిగేటప్పుడు మలుపు మలుపుకూ లివరు నొక్కిపట్టి ఉంచాలి, అక్కడ కేబుల్ లాగే శ్రమంతా వేళ్ల మీదే పడుతుంది. హైడ్రాలిక్ బ్రేకులో ఆ బలాన్ని గొట్టంలోని నూనె మోసుకువెళుతుంది, పైగా డిస్కును పట్టే ప్యాడ్లు అరిగేకొద్దీ వాటిని నెట్టే పిస్టన్లు తమంతట తామే ముందుకు జరుగుతాయి. మీకు కావలసింది ఈ మార్పు. ఇది రూ.6,500 జతలోనూ దొరుకుతుంది, రూ.26,400 జతలోనూ దొరుకుతుంది.

ఎంటీ200 షిమానో వారి అడుగు వరుస బ్రేకు, కాలిపర్‌కు, అంటే ప్యాడ్లను డిస్కుకు అదిమే భాగానికి, రెండు పిస్టన్లు. ఎక్స్‌టీలో ఉన్న సర్వో వేవ్ లివరు (తక్కువ నొక్కుడుకే ఎక్కువ పట్టు ఇచ్చేది) ఇందులో లేదు, వేడిని బయటికి పంపే రెక్కల ప్యాడ్లూ రావు. బరువైన సైకిల్ మీద రాళ్ల దారుల్లో రోజంతా దిగే వారికి ఆ తేడా అవసరమే. నెలకోసారి ఘాట్ దిగే మీకు దాని కోసం నాలుగింతల ధర పెట్టడం తగదు. చేయి ఇంకాస్త తేలికగా ఉండాలంటే ముందు చక్రానికి 160 మిల్లీమీటర్ల రోటరు తీసి 180ది వేయించండి. ఫోర్కు అంత సైజుకు అనుమతిస్తుందో లేదో చూసుకుని, అడాప్టర్‌తో బిగిస్తే, అదే నొక్కుడుకు ఎనిమిదో వంతు బలం అదనంగా వస్తుంది. రోటరు మీద ‘రెజిన్ ప్యాడ్ ఓన్లీ’ అని చెక్కి ఉంటే మెటల్ ప్యాడ్ల జోలికి వెళ్లవద్దు, రోటరు త్వరగా అరిగిపోతుంది. టెక్ట్రో వారి తక్కువ ధర బ్రేకులు దొరికినా అభ్యంతరం లేదు. వాడిన ఎక్స్‌టీ జత మాత్రం సీళ్ల పరిస్థితి తెలియకుండా కొనకండి.

మన ప్రాంతానికి సంబంధించిన హెచ్చరిక ఒకటుంది. షిమానో, టెక్ట్రో బ్రేకులకు మినరల్ ఆయిల్ మాత్రమే పోయాలి. అది ఊళ్లో దొరకలేదని మోటారు సైకిల్ షెడ్డులోని బ్రేక్ ఆయిల్, అంటే డాట్ ఫ్లూయిడ్, పోయిస్తే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి బ్రేకు పనికిరాకుండా పోతుంది. బ్రేకులతోపాటే ఒక చిన్న సీసా, ఒక బ్లీడింగ్ కిట్టు (నూనె మార్చి లోపలి గాలి తీసే సామగ్రి) తెప్పించి ఇంట్లో ఉంచుకోండి. బిగించిన రోజే ఘాట్‌కు పోకుండా, ఖాళీ రోడ్డు మీద ఓ మోస్తరు వేగం అందుకుని, చక్రం బిగుసుకుపోనివ్వకుండా బ్రేకు నొక్కి నెమ్మదించడం ఒక ఇరవైసార్లు చేయండి, ప్యాడ్లు రోటరుకు అప్పుడే కుదురుతాయి. బిల్లు కూడా చూడండి: సైకిళ్లు, వాటి విడిభాగాల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం బదులు 5 శాతమే.

ఇక నో కాస్ట్ ఈఎంఐ. అందులో బ్యాంకు వడ్డీ వేయకుండా ఉండదు. ఆ మేరకు ముందే తగ్గింపు చూపిస్తారు, వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మీరే కట్టుకుంటారు, నగదుకు కొట్టువాడు తగ్గించే నాలుగు రూపాయలు పోతాయి. ఇవన్నీ చిన్న నష్టాలే. ఒక్క నెల బిల్లు పూర్తిగా కట్టలేకపోయారంటే మిగిలిన బాకీ మీద నెలకు 3 శాతం పైనే, అంటే ఏడాదికి 36 నుంచి 45 శాతం వరకూ వడ్డీ పడుతుంది, కార్డుతో కొత్తగా కొన్న కిరాణా సరుకులకు కూడా వడ్డీలేని గడువు రద్దవుతుంది. గొలుసు తాకట్టు గురించి వాదించే ఓపిక నాకు లేదు. ఆదివారపు సరదా కోసం భార్య మెడలోది తీయించే ఆలోచనను ఇంతటితో మానుకోండి. లోన్ యాప్‌ను ఫోనులోంచి తీసేసి, మిగిలిన ఏడు వాయిదాలూ తేదీ తప్పకుండా కట్టేయండి.

నేను అసలు భయపడేది మీ బ్యాంకు నిల్వను చూసి. రూ.21,000 అంటే మీ ఇంటికి మూడు వారాల ఖర్చు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచగానే రొయ్య ధర పడిపోయిందనీ, అప్పుడు మీకు రెండు నెలలు జీతం ఆలస్యమైందనీ, చిట్టీ పాడి గట్టెక్కారనీ మీరే ఉత్తరం చివర రాశారు. రైతు చెరువులో పిల్ల వేయకపోతే మేత అమ్ముడుపోదు, మేత అమ్ముడుపోకపోతే మీ జీతం కదలదు. ఒక్క సరుకు మీద ఆధారపడ్డ జీతగాడికి ఆరు నెలల ఖర్చు, అంటే మీకు రూ.1,62,000, విడిగా ఉండి తీరాలి. రాజోలు దగ్గర నాన్నగారి కొబ్బరితోట ఉంది కదా అన్నారు. 1996 నవంబరు తుఫాను తర్వాత ఆ తోట మళ్లీ కాపుకు రావడానికి ఎన్నేళ్లు పట్టిందో ఆయననే అడగండి. నిరుటి మొంథా తుఫాను 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గరే తీరం దాటింది. జీతం ఆగిన నెలలోనే తోట కూడా పడిపోవచ్చు కాబట్టి దాన్ని అత్యవసర నిధిగా లెక్కవేయడం కుదరదు.

ఖర్చు, వాయిదా పోగా మీకు నెలకు రూ.7,800 మిగులుతోంది. ఈ నెల మిగులుతో ఎంటీ200 జత నగదుకు కొనండి, పొదుపును తాకవద్దు. తర్వాతి నెల నుంచి మిగిలిందంతా వేరే ఖాతాలోకి వెళ్లాలి. ఆ ఖాతాకు యూపీఐ తగిలించకండి. ఏడు వాయిదాలూ తీరాక ఆ రూ.3,200 కూడా కలిపి నెలకు రూ.11,000 చొప్పున వేస్తే, బీమా ప్రీమియం పోను, దాదాపు ఏడాదిన్నరలో నిధి నిండుతుంది. రికరింగ్ డిపాజిట్టా, లిక్విడ్ ఫండా (త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండు) అన్నది మీ ఇష్టం.

కంపెనీ ఇచ్చిన రూ.3 లక్షల గ్రూపు పాలసీ ఉద్యోగంతోపాటే పోతుంది కాబట్టి కుటుంబానికి సొంత ఆరోగ్య బీమా తీసుకోండి. వ్యక్తిగత, కుటుంబ పాలసీల ప్రీమియం మీద ఇప్పుడు జీఎస్టీ లేదు. సాహస క్రీడల మినహాయింపు ఆరోగ్య పాలసీల్లో వృత్తిగా ఆడేవారికే వర్తిస్తుంది, సరదాగా తొక్కే మీకు అది అడ్డు కాదు. వ్యక్తిగత ప్రమాద పాలసీలో మాత్రం ఈ నిబంధన కంపెనీని బట్టి మారవచ్చు కాబట్టి సంతకానికి ముందే చదవండి, చెయ్యి విరిగి మంచంలో ఉంటే వారానికింత ఇచ్చే క్లాజు ఉన్నదే ఎంచుకోండి. ఏడాదికి రూ.20తో రూ.2 లక్షల ప్రమాద రక్షణ ఇచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమాను బ్యాంకులో రేపే తీసుకోండి. కొత్త ఆరోగ్య పాలసీలో జబ్బులకు మొదటి 30 రోజులు రక్షణ ఉండదు గానీ ప్రమాదాలకు మొదటి రోజు నుంచే ఉంటుంది, కనుక పాలసీ చేతికి వచ్చాకే మారేడుమిల్లి ప్రయాణం పెట్టుకోండి.