మరిచిపోవాలనుకున్న కొద్దీ గుర్తొస్తుంటే ఏం చేయాలి?

మీ నాన్నగారి చివరి రోజున ఆసుపత్రి వరండాలో గడిపిన గంటలే పదేపదే కళ్ల ముందుకు వస్తున్నాయనీ, మరిచిపోవాలని ప్రయత్నించిన కొద్దీ ఎక్కువవుతున్నాయనీ రాశారు. మరిచిపోయే మార్గం నాకైతే దొరకలేదు. ఏడేళ్లు వెతికాను కాబట్టి చెబుతున్నాను. అయితే మా నాన్న పోయిన రోజు గుర్తొచ్చినా చేతిలో ముద్ద వదిలేయకుండా అన్నం తినగలుగుతున్నాను ఇప్పుడు.

2011 జూన్‌లో ఉద్యోగం ఇంటర్వ్యూ కోసం హైదరాబాదు బయలుదేరాను. తణుకు బస్టాండుకు చేరాక చూసుకుంటే సర్టిఫికెట్ల ఫైలు లేదు. నాన్నకు ఫోను చేసి, "త్వరగా రా నాన్నా, బస్సు వెళ్లిపోతుంది" అన్నాను. ఫైలు తీసుకుని మోపెడ్ మీద వస్తుంటే మలుపు దగ్గర లారీ గుద్దింది. ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది. ఆ సాయంత్రం ఒక కానిస్టేబుల్ నీలం రంగు ప్లాస్టిక్ ఫైలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఒక మూల మట్టి అంటింది. లోపల ఒక్క కాగితమైనా నలగలేదు.

ఆ తరువాత ఏళ్ల తరబడి నన్ను వెంటాడినవి రెండే: "త్వరగా రా" అన్న నా గొంతు, ఆ మట్టి మూల. ఆ మలుపు కంటపడకుండా నాలుగు కిలోమీటర్లు చుట్టు తిరిగి వెళ్లేదాన్ని. ఇంట్లో ఎవరైనా నాన్న మాట ఎత్తితే లేచి వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని. అమ్మ ఎంత ఒంటరిదైపోయిందో అప్పుడు నాకు తట్టలేదు.

1987లో డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వవేత్త ఒక ప్రయోగం చేశారు. తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దని, గుర్తొస్తే గంట కొట్టమని విద్యార్థులకు చెప్పారు. గంట మోగుతూనే ఉంది. పైగా ఆ తరువాత ఆలోచించమని చెప్పినప్పుడు, మొదటి నుంచీ ఆలోచించిన వాళ్లకంటే అణచుకున్న వాళ్లకే అది ఎక్కువసార్లు గుర్తొచ్చింది. ఇది చదివిన రోజు ఎంత ఏడ్చానో! నా మనసు బలహీనమైనది కాదు, నేను పట్టిన దారే తప్పు.

2018లో ఒక కౌన్సెలర్ నన్ను రాయమన్నారు. రోజుకు పదిహేను నిమిషాలు, వరుసగా నాలుగు రోజులు. 1986లో జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వవేత్త పరీక్షించి చూసిన పద్ధతి ఇది. రాసిన వెంటనే దిగులు పెరగవచ్చని ముందే చెప్పారు, అలాగే జరిగింది. రెండో రోజు కాగితం చించేశాను. మూడో రోజు ఆ ఫోను సంభాషణను మొదటి నుంచి రాస్తుంటే, నాన్న నవ్వు గుర్తొచ్చింది. "పదో తరగతిలో హాల్ టికెట్ మరిచిపోయినప్పుడూ ఇంతే కంగారుపడ్డావు. వస్తున్నాను, ఈలోగా ఏమైనా తిను" అన్నాడు. ఏడేళ్లలో ఆ నవ్వు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. నా మాటే మిగిలింది, ఆయన జవాబు పోయింది.

జరిగినదాన్ని ఇలా మళ్లీ చూసి, దాని అర్థాన్ని కొత్తగా తేల్చుకోవడాన్ని మనస్తత్వశాస్త్రంలో పునర్మూల్యాంకనం అంటారు. దాన్ని "అంతా మన మంచికే" అనుకోవడంగా పొరబడకండి. ఆ మాట ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నాన్న పోవడంలో మంచి ఏమీ లేదు. నేను చేసిందల్లా వదిలేసిన నిజాలను తిరిగి కలుపుకోవడం. లారీ ఎదురు దారిలో వచ్చింది. ఫైలు తెమ్మని ఏ కూతురైనా అడుగుతుంది. ఆయన నవ్వుతూనే బయలుదేరాడు.

బాధ ఒక్కసారిగా ముంచెత్తినప్పుడు ఈ ఆలోచనలేవీ పనిచేయవు. అప్పుడు ముందు శరీరాన్ని చూసుకోండి. ముఖం మీద చన్నీళ్లు చల్లుకోండి, పాదాలు నేలకు ఆనించి, ఊపిరి నెమ్మదిగా, పొడవుగా వదలండి. నేను నన్ను పేరు పెట్టి పిలుచుకుని, చెల్లెలికి చెప్పినట్టు రెండు మాటలు చెప్పుకుంటాను.

ఆ దృశ్యం ఇప్పుడే జరుగుతున్నట్టు కనిపిస్తున్నా, వారాల తరబడి నిద్ర లేకపోయినా ఒంటరిగా రాయడానికి కూర్చోవద్దు. సైకాలజిస్టును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. బతకాలని లేదనిపిస్తే ఈ రోజే చేయండి.

మీ ప్రశ్నలో వరండా గంటలు మాత్రమే ఉన్నాయి. ఆ ఉదయం ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు మీ నాన్నగారు మీతో ఏం మాట్లాడారు? రాయడం అక్కడి నుంచి మొదలుపెట్టండి.