"సిన్స్ సిక్స్ ఇయర్స్" ఎందుకు తప్పు? సిన్స్ ఎక్కడ, ఫర్ ఎక్కడ?

మీరు ఆఫీసు ఫారంలో "ఐ యామ్ వర్కింగ్ ఇన్ దిస్ బ్రాంచ్ సిన్స్ సిక్స్ ఇయర్స్" అని రాస్తే మేనేజర్ సిన్స్ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఇచ్చారు, ఎందుకో చెప్పలేదు అన్నారు కదా. నేను టెన్త్ దాకా జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియమే, ఇప్పుడు పదకొండేళ్ళుగా సపోర్ట్ ఉద్యోగం, రోజంతా ఇంగ్లీషులో మెయిల్స్ రాయడమే పని. ఇదే తప్పు నేనూ చాలా ఏళ్ళు రాశాను, ఒకసారి దానివల్ల నిజంగానే పని చెడింది, ముందు అది చెప్తా.

రాత్రి పదిన్నరకి నా షిఫ్ట్ అయిపోతోంది, అమెరికా టీమ్‌కి హ్యాండోవర్ మెయిల్ పెట్టాలి, తొందరలో "సర్వర్ ఈజ్ నాట్ రెస్పాండింగ్ సిన్స్ 3 అవర్స్" అని కొట్టి, అది కూడా అవర్స్‌ని పొట్టిగా హెచ్‌ఆర్‌ఎస్ అని రాసి పంపేశాను. నా ఉద్దేశం మూడు గంటలైంది అని, అంటే ఏడున్నరకి మొదలైంది. అవతల ఆవిడ దాన్ని మూడు గంటలప్పటి నుంచి అని చదువుకుని మధ్యాహ్నం మూడింటి దగ్గర్నుంచి లాగ్స్, అంటే సర్వర్‌లో ఎప్పుడేం జరిగిందో నమోదయ్యే రికార్డులు, వెతకడం మొదలుపెట్టింది. నలభై నిమిషాలయ్యాక చాట్‌లో అడిగింది, మూడు అంటే మీ టైమా మా టైమా అని. అప్పటిదాకా కస్టమర్ సైట్ పడిపోయే ఉంది. ఆవిడ తప్పేం లేదు, సిన్స్ కనపడితే దాని తర్వాత వచ్చేది మొదలైన టైమే అనుకుంటారు వాళ్ళు.

ఆ రాత్రి ఇంటికెళ్తూ ఆలోచిస్తే అర్థమైంది, ఇబ్బంది అంతా మన "నుంచి"లో ఉంది. "మూడు గంటల నుంచి కరెంట్ లేదు" అని అమ్మ ఫోన్లో అంటే మూడింటికి పోయిందా, పోయి మూడు గంటలైందా? రెండూ అవ్వొచ్చు. సోమవారం నుంచి అంటాం, మూడు రోజుల నుంచి అని కూడా అంటాం, మనకి ఒక్క మాటే రెండు పనులూ చేస్తుంది. ఇంగ్లీషులో ఆ రెండు పనులకీ రెండు మాటలు. ఎప్పుడు మొదలైందో చెప్తే సిన్స్, ఎంతకాలం అయిందో చెప్తే ఫర్.

దీన్ని పట్టుకోవడానికి నేను వాడే పద్ధతి ఒకటుంది, ఇది ఎవరో నేర్పింది కాదు, రాస్తూ రాస్తూ దొరికింది. "నుంచి" తీసేసి అక్కడ "గా" పెట్టి చూడండి. ఆరేళ్ళ నుంచి అన్న చోట ఆరేళ్ళుగా అనొచ్చు, మూడు రోజులుగా జ్వరం, రెండు గంటలుగా వెయిటింగ్, చాలాకాలంగా తెలుసు, ఇవన్నీ కుదురుతాయి కాబట్టి ఇవన్నీ ఫర్. అదే 2019గా అంటామా? సోమవారంగా, పెళ్ళైనప్పుడుగా, పొద్దున్నగా? చెవికే తెలిసిపోతుంది కుదరదని. అక్కడ సిన్స్. "గత రెండేళ్ళుగా" కూడా అంతే, "సిన్స్ లాస్ట్ టూ ఇయర్స్" కాదు, "ఫర్ ద లాస్ట్ టూ ఇయర్స్".

మనం స్కూల్లో బట్టీ పట్టిన లీవ్ లెటర్ గుర్తు తెచ్చుకోండి. "ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్ సిన్స్ టూ డేస్" అని రాసి, కింద లైన్లోనే "గ్రాంట్ మీ లీవ్ ఫర్ టూ డేస్" అని కరెక్ట్‌గా రాసేవాళ్ళం. రెండు చోట్లా అవే రెండు రోజులు. సెలవు దగ్గర తెలుగులో "నుంచి" రాదు కాబట్టి అక్కడ తప్పు రాలేదు, జ్వరం దగ్గర "నుంచి" ఉంది కాబట్టి వచ్చింది. హిందీ వాళ్ళకీ ఇదే గొడవ, దో దిన్ సే, సోమ్‌వార్ సే అని వాళ్ళకీ ఒకటే మాట, అందుకే మన ఆఫీసుల్లో ఇది ఎవరి కంటికీ ఆనదు. మా తమ్ముడు జర్మన్ నేర్చుకుంటున్నప్పుడు చెప్పాడు, వాళ్ళు కూడా "జైట్" అనే ఒక్క మాటనే రెండు చోట్లా వాడతారు, క్రియ కూడా మనలాగే ఇప్పుడు జరుగుతున్నట్టే పెడతారు. కాబట్టి ఇంగ్లీషు రాదని బాధపడాల్సిందేం లేదండీ, మన భాష కాలాన్ని చూసే పద్ధతి వేరు, అంతే.

ఇక మీ వాక్యంలో ఇంకో తప్పుంది, మీ మేనేజర్ దాన్ని వదిలేశారు. "యామ్ వర్కింగ్". మనకి "ఆరేళ్ళుగా చేస్తున్నా" అంటే సరిపోతుంది, ఇంగ్లీషులో వెనక నుంచి ఇప్పటిదాకా సాగుతున్న పని అయితే "హావ్ బీన్ వర్కింగ్" అనాలి. దీన్ని "ఐ వర్క్‌డ్ హియర్ ఫర్ సిక్స్ ఇయర్స్" అని మాత్రం మార్చకండి, అది ఆరేళ్ళు చేశాను, మానేశాను అని. మా ఫ్రెండ్ ఒకతను అలా రాస్తే ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న, ఎప్పుడు మానేశారు అని. నో (తెలుసు అనే క్రియ), హావ్ (ఉంది) లాంటి వాటికి వర్కింగ్‌లో ఉన్న ఆ ఐఎన్‌జీ కూడా ఉండదు, "ఐ హావ్ నోన్ హిమ్ ఫర్ టెన్ ఇయర్స్".

"ఇట్ హాజ్ బీన్ టూ డేస్ సిన్స్ ఐ కాల్డ్" అని ఎక్కడైనా కనిపిస్తే కంగారు పడొద్దు, అక్కడ సిన్స్ తర్వాత ఉన్నది నేను ఫోన్ చేసిన క్షణం, రెండు రోజులు దానికి ముందు ఉంది. నేను ఫోన్ చేసి రెండు రోజులైంది అని.

మీ ఫారంలో అయితే "ఐ హావ్ బీన్ వర్కింగ్ ఇన్ దిస్ బ్రాంచ్ ఫర్ సిక్స్ ఇయర్స్" అని రాయండి. రెజ్యూమెలో మాత్రం మీరు చేరిన నెల, సంవత్సరం వేసి సిన్స్‌తో రాయడమే మేలు, ఎందుకంటే ఆరేళ్ళు వచ్చే ఏడాదికి ఏడవుతాయి, చేరిన నెల మారదు కాబట్టి ప్రతిసారీ దిద్దక్కర్లేదు.